ఇంటిల్లిపాదీ ఆడే కంప్యూటర్ ఆటలు, మా ఇద్దరి బతుకుతెరువు: తరచుగా అడిగే ప్రశ్నలు

మేమిద్దరం, అంటే నేనూ మా ఆవిడా, కాకినాడలో మా ఇంటి మేడమీద గదిలో కూర్చుని కంప్యూటర్ ఆటలు తయారుచేసి అమ్ముతాం. 2018 నుంచి ఇదే మా పూర్తికాలం పని. బొమ్మలు, రంగులు, జమాఖర్చులు ఆవిడవి. ప్రోగ్రామింగ్, అమ్మకాలు, మెయిళ్ళకు జవాబులు నావి. వచ్చే మెయిళ్ళలో సగం ఆటల గురించి కావు, ఈ బతుకు ఎలా నడుస్తోందని ఆరా. ఒక్కొక్కరికీ మళ్ళీ మళ్ళీ రాసే బదులు ఒకచోట పెడుతున్నాను.

గేమింగ్ వ్యాపారం అంటే ఆన్‌లైన్ రమ్మీ లాంటిదా?

కాదండీ. మా మేనమామ దగ్గర్నుంచి బ్యాంకు మేనేజరు దాకా అందరూ ముందు ఇదే అడిగారు కాబట్టి దీన్నే మొదట పెట్టాను. పెళ్ళి భోజనాల్లో "అల్లుడు గేమింగ్‌లో ఉన్నాడు" అని మా మామగారు అనగానే పక్క విస్తరివాళ్ళు ఒక్క క్షణం అన్నం కలపడం ఆపేస్తారు.

డబ్బు పందెం ఉన్న ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ ఒక చట్టం చేసింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండా, డబ్బు పెట్టి డబ్బు గెలవాలని ఆడే ప్రతి ఆన్‌లైన్ ఆటనూ అది నిషేధించింది. నడిపేవాళ్ళకు మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. పందెం లేని ఆటల జోలికి ఆ చట్టం రాదు. చందా కట్టో, ఒకసారి రుసుము కట్టో ఆడుకునే ఆటలను విడిగా గుర్తించి, ఆ డబ్బు పందెం కానంతవరకూ ఆడుకోవచ్చంది. మావన్నీ ఈ కోవలోవే.

చట్టానికి తెలిసిన తేడా దరఖాస్తు ఫారాలకు తెలీదు. వ్యాపార రకం దగ్గర 'గేమింగ్' అని ఎంచుకున్న పాపానికి ఆన్‌లైన్‌లో డబ్బు వసూలుచేసిపెట్టే ఒక పేమెంట్ గేట్‌వే సంస్థ మమ్మల్ని రెండుసార్లు తిరగ్గొట్టింది. మూడోసారి 'సాఫ్ట్‌వేర్ అమ్మకం' అని రాశాం. ఆటలో పందెం, కొనుక్కునే నాణేలు, నగదు బహుమతులు ఏవీ లేవని ఒక పేజీ ఉత్తరం, నాలుగు స్క్రీన్‌షాట్లు జత చేశాం. ఆ వారంలోనే ఒప్పుకున్నారు. మీరు మొదటిసారే అలా చెయ్యండి.

ఇంటిల్లిపాదీ ఆడే ఆటంటే పిల్లల ఆటే కదా?

మేమూ అలాగే అనుకుని మొదలుపెట్టి దెబ్బతిన్నాం. రక్తం, తుపాకీ, బూతు లేకపోతే చాలనుకున్నాం. మొదటి ఆట పూర్తయ్యాక మా అమ్మని, మా పెద్దమ్మాయిని ఒకే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. అమ్మకు అప్పుడు అరవై నాలుగు, పిల్లకు ఏడు. పది నిమిషాల్లో అమ్మ "నాకు పొయ్యిమీద పనుంది" అని లేచింది. పొయ్యిమీద ఏమీ లేదు.

తరవాత నెమ్మదిగా అడిగితే బయటపడింది. ఆమెకు డబుల్‌క్లిక్ రాదు. కుడి బటన్ ఉందని తెలీదు. మూలనున్న గడియారం తిరుగుతుంటే కంగారు. మనవరాలు గబగబా నొక్కేస్తుంటే తెరమీద ఏం రాశారో చదివేలోపే మాయం. అన్నిటికన్నా, ఓడిపోయినప్పుడు మేం పెట్టిన బూరా చప్పుడు. "మనవరాలి ఎదురుగా నన్ను వెక్కిరించింది" అంది. పది రోజులు కష్టపడి ముచ్చటగా చేసిన చప్పుడు అది!

అప్పట్నుంచి మా ఆటల్లో డబుల్‌క్లిక్ లేదు, గడియారం లేదు. ఎన్నిసార్లయినా వెనక్కి తీసుకోవచ్చు. రాత, ఎవరో ఒకరు నొక్కేదాకా కదలదు. ఓడితే బూరా ఊదం, 'ఇంకో ఆట?' అని అడుగుతుందంతే. ముక్కూమొహం తెలియనివాళ్ళతో చాటింగ్ ఎక్కడా లేదు. పిల్లలకు సులువుగా ఉండే ఆట చెయ్యడం తేలికే. పెద్దవాళ్ళు పిల్లల ముందు చిన్నబోకుండా ఆడే ఆట చెయ్యడానికి మాకు రెండేళ్ళు పట్టింది. మమ్మల్ని నమ్మి రెండో ఆట, మూడో ఆట కొన్నవాళ్ళు దీనికోసమే కొన్నారని వాళ్ళ ఉత్తరాలు చదివితే తెలుస్తుంది.

అష్టాచెమ్మాలో మీ కంప్యూటర్ మోసం చేస్తోంది. సరిచేస్తారా?

ఈ ప్రశ్న కాస్త మర్యాదగా రాశాను. వచ్చే మెయిళ్ళలో ఇంత మర్యాద ఉండదు.

గవ్వలు నాలుగు. వెల్లకిలా పడ్డవి ఎన్నో అన్ని గడులు. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మా, అంటే 4. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే 8. గవ్వ రెండువైపులా సమానంగా పడుతుందనుకుంటే చమ్మాకు 16లో ఒక వంతు, అష్టాకూ 16లో ఒక వంతు అవకాశం. మొదట్లో లెక్క ప్రకారం అలాగే పెట్టాం. వారం తిరక్కుండానే "మా ఇంట్లో గవ్వలు ఇలా పడవు" అని ఫిర్యాదులు. నవ్వుకున్నాం. ఒక ఆదివారం మా అమ్మా, ఆవిడా నేలమీద కూర్చుని నిజం గవ్వలు వేస్తూ నోటుపుస్తకంలో రాసుకున్నారు. మా ఇంటి గవ్వలు కూడా సమానంగా పడటం లేదు! గవ్వ వీపు గుండ్రం, నోరు చదును, నాణెంలా ఎందుకు పడుతుంది? ఇప్పుడు ఆటలో 'నిజం గవ్వలు', 'సమాన గవ్వలు' అని రెండున్నాయి.

అయినా ఫిర్యాదులు ఆగలేదు. మనకు పడ్డ అష్టాలు మర్చిపోతాం, ఎదుటివాడికి పడ్డవి గుర్తుంటాయి. అందుకని ఆట చివర ఎవరికి ఎన్ని ఏవి పడ్డాయో పట్టిక చూపించడం మొదలుపెట్టాం. తరవాత మెయిళ్ళు బాగా తగ్గాయి. తణుకు నుంచి ఒక పెద్దాయన మాత్రం పట్టిక కూడా మోసమే అంటారు. ఆయన మా ఆటలు మూడు కొన్నారు.

పాత ఆటలు కంప్యూటర్‌లో పెడితే ఎవరి అనుమతైనా కావాలా?

వామనగుంటలు, అష్టాచెమ్మా, పులిమేక, వైకుంఠపాళి ఎవరి సొంతమూ కావు. కాపీరైటు బొమ్మలకు, సంగీతానికి, రాతకు, కోడ్‌కు ఉంటుంది. ఆడే పద్ధతికి ఉండదు. అంటే మీరూ చెయ్యొచ్చు. మా బొమ్మలు ఎత్తుకెళ్ళకండి, అంతే.

అసలు చిక్కు వేరే ఉంది. వామనగుంటలకు వరసకు ఏడు చొప్పున 14 గుంటలన్నంతవరకూ గొడవ లేదు. గుంటకు ఎన్ని చింతగింజలు, ఖాళీ గుంట దాటాక ఏం తీసుకోవాలి, 'ఆవు' ఎప్పుడు అవుతుంది అనేసరికి ఊరికో శాస్త్రం. మేం మా అమ్మమ్మగారి ఊరి పద్ధతి పెడితే "ఇది తప్పు ఆట, డబ్బు వాపసు ఇవ్వండి" అని కరీంనగర్ నుంచి రాశారు. పులిమేకలో 3 పులులు, 15 మేకలు అన్న లెక్క చాలామందికి ఒకటే. మేకలన్నీ పెట్టకముందే పులి కదలొచ్చా అన్నచోట మళ్ళీ పేచీ. చివరికి ఆట మొదట్లోనే 'మీ ఊళ్ళో ఎలా ఆడతారు?' అని అడుగుతున్నాం. ఈ ఒక్క పేజీ చెయ్యడానికి ఆట మొత్తానికి పట్టినంత కాలం పట్టింది. మా పనిలో నాకు బాగా నచ్చిన భాగం కూడా అదే.

తెలుగు అక్షరాలు ఆటలో విరిగిపోతున్నాయి. మీరెలా పెట్టారు?

తెలుగులో ఆట చెయ్యాలనుకునే ప్రతివాడూ మొదటి వారంలోనే ఈ గోడకు తల కొట్టుకుంటాడు. ఇంగ్లీషు అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతే సరిపోతుంది. తెలుగులో 'స్త్రీ' రాయాలంటే స, త, ర, గుడిదీర్ఘం అన్నీ కలిసి ఒకే ముద్ద కావాలి. ఆ కలిపే పని తెలియని ఇంజిన్, అంటే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్, పొల్లులు విడగొట్టి, ఒత్తులు పక్కకు నెట్టి చూపిస్తుంది. యూనిటీ అనే ఇంజిన్‌లో రాత చూపడానికి అందరూ వాడే టెక్స్ట్‌మెష్‌ప్రోకు ఈ పని రాదు. మా మొదటి ఆటలో గత్యంతరం లేక ప్రతి వాక్యాన్నీ బొమ్మగా చేసి అతికించాం. ఒక అచ్చుతప్పు దిద్దాలంటే బొమ్మ మళ్ళీ గీయాలి. మా ఆవిడ అప్పట్లో నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

గోడో అనే ఇంకో ఇంజిన్‌లో 4వ వెర్షన్ వచ్చాక ఈ బాధ తీరింది. అది 2023 మార్చిలో విడుదలైంది. అక్షరాలు కలిపే హార్ఫ్‌బజ్ అందులోనే ఉంది. 'క్ష్మ' అని కొడితే 'క్ష్మ' అనే కనిపిస్తుంది. గోడో 3లో ఇది లేదు, పాత పాఠాలు చూసి మోసపోకండి.

ఫాంట్లకు కొదవ లేదు. మండలి, రామభద్ర, సూరన్న, మల్లన్న, నోటో తెలుగు... ఇవన్నీ ఆటలో కలుపుకుని అమ్ముకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, లైసెన్సు కాగితం జత చేస్తే చాలు. వరసల మధ్య ఎడం మాత్రం ఇంగ్లీషుకన్నా బాగా ఎక్కువ పెట్టండి. పై వరస ఒత్తు కింది వరస గుడికి తగిలితే అరవై దాటినవాళ్ళు చదవలేరు. ౧, ౨, ౩ అంకెలు చూడ్డానికి ముద్దొస్తాయి. మా నాన్న కూడా చదవలేకపోయారు, తీసేశాం.

ఇంకో సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. బటన్ మీద ఏం రాయాలి? 'ఆడు' అంటే బామ్మగారిని ఏకవచనంలో పిలిచినట్టు. 'ఆడండి' అంటే ఏడేళ్ళ పిల్లకు ఎవరో కొత్తవాళ్ళు మాట్లాడుతున్నట్టు. అందుకే మా బటన్ల మీద 'ఆట మొదలు', 'మళ్ళీ', 'చాలు' అనే ఉంటాయి. క్రియలు వాడకుండా తెలుగు రాయడం మంచి వ్యాయామం.

గోడోనే ఎందుకు? యూనిటీ పెద్దది కదా?

2023 సెప్టెంబరులో యూనిటీవాళ్ళు ఆటను ఎవరైనా ఇన్‌స్టాల్ చేసుకున్నప్పుడల్లా రుసుము అని ప్రకటించారు. ఏడాది తరవాత రద్దు చేసుకున్నారు. మా స్థాయి అమ్మకాలకు అది మామీద పడేది కాదు. అయినా ఇంటి ఓనరు అద్దె పెంచుతానని ఒకసారి అన్నాక ఆ ఇంట్లో నిద్ర పట్టదు. గోడోకు రుసుము లేదు, వాటా లేదు, కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. మీకు యూనిటీ బాగా వస్తే అందులోనే చెయ్యండి. ఆట పూర్తవడం ముఖ్యం.

ఎక్కడ అమ్ముతారు? మీ చేతికి ఎంత వస్తుంది?

ఎక్కువ భాగం స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల అంగడిలో. ఒక్కో ఆటకు 100 డాలర్లు కట్టాలి. ఆ ఆట అమ్మకాలు 1,000 డాలర్లు దాటితే ఆ వంద తిరిగిస్తారు. కట్టిన రోజునే అమ్మలేరు. మొదటిసారి 30 రోజులు ఆగాలి. 'త్వరలో వస్తోంది' అనే పేజీ కనీసం రెండు వారాలు ఉండాలి. ఆ రెండు వారాలతో సరిపెట్టకండి. మేం ఇప్పుడు ఆరు నెలల ముందే పేజీ తెరుస్తున్నాం. ఆటను విష్‌లిస్ట్‌లో, అంటే కొనాలనుకునే జాబితాలో, పెట్టుకున్నవాళ్ళకు విడుదల రోజున స్టీమే కబురు పంపుతుంది. దండోరా వేయించుకోడానికి మాలాంటివాళ్ళకు అంతకన్నా చవకైన దారి లేదు.

ఇక లెక్క. అమెరికాలో 100 డాలర్ల ఆటలు అమ్ముడుపోయాయనుకోండి. అక్కడి అమ్మకం పన్ను స్టీమ్ విడిగా వసూలుచేసి కట్టుకుంటుంది. స్టీమ్ వాటా 30. మిగిలిన 70లో అమెరికా ప్రభుత్వం పట్టుకునేది 15 శాతం, అంటే పదిన్నర. మనకు 59.50. ఆ 15 శాతం కూడా భారత్, అమెరికా మధ్య పన్ను ఒప్పందం ఉంది కాబట్టే. పన్ను ఫారం సరిగా నింపి పాన్ ఇవ్వకపోతే 30 శాతం పోతుంది. పట్టుకున్నదాన్ని ఇక్కడ రిటర్నులో విదేశీ పన్ను క్రెడిట్‌గా చూపించుకోవచ్చు. తరవాత బ్యాంకు మారకంలో కొంత నొక్కుతుంది. ఒక నెల అమ్మకం డబ్బు మరుసటి నెలాఖరుకు పంపుతారు, అదీ 100 డాలర్లు పోగైతేనే.

రెండోది ఇచ్.ఐఓ, అదీ ఆన్‌లైన్ ఆటల అంగడే. అక్కడ వాటా మనమే నిర్ణయించుకోవచ్చు, మామూలుగా 10 శాతం. జనం తక్కువ, ఉన్నవాళ్ళు మంచివాళ్ళు.

మూడోది మా సొంత పేజీ, యూపీఐతో. ఇందులో వాటా దాదాపు అంతా మనదే కదా అని ఎగిరి గంతేశాం. అయితే తయారుచేసినవాళ్ళ డిజిటల్ సంతకం లేని ప్రోగ్రామ్ దించుకుని తెరిస్తే, మీ కంప్యూటర్‌ను కాపాడామంటూ విండోస్ ఒక నీలం తెర పరుస్తుంది. మా కొనుగోలుదారులు కంప్యూటర్ నిపుణులు కారు, మామూలు సంసారులు. అది చూడగానే వైరస్ అనుకుని ఫోన్ చేస్తారు. కోడ్‌కు డిజిటల్ సంతకం పెట్టించుకునేదాకా వారానికి నాలుగైదు సార్లు అదే పంచాయితీ.

డబ్బు వాపసు అడిగితే?

స్టీమ్‌లో కొని 14 రోజులు దాటకుండా, ఆడింది 2 గంటలు మించకుండా ఉంటే కారణం అడగరు. చిన్న ఆటలకు ఇది గండమే. గంటన్నరలో అయిపోయే మా కథల ఆటను పూర్తిగా ఆడి, బాగుందని రాసి, వాపసు తీసుకున్నవాళ్ళున్నారు. దానికోసం ఆటను సాగదీయలేదు. మా సొంత పేజీలో కొన్నవాళ్ళకు అడిగితే ఎప్పుడైనా ఇచ్చేస్తాం. బామ్మగారి మనసు విరిగితే ఆ వీధంతా పోతుంది.

నెలకు ఎంత వస్తుందో చెప్పొచ్చుగా?

మొదటి ఆట మొదటి నెలలో 43 కాపీలు. అందులో పదకొండు బంధువులవి. హైదరాబాద్‌లో నేను వదులుకున్న జీతంలో సగానికి చేరడానికి నాలుగేళ్ళు పట్టింది. ముప్పావుకు ఆరేళ్ళు. ఇప్పటికీ పూర్తిగా చేరలేదు. మా ఇంటికి అద్దె లేదు, పిల్లల బడి నడిచివెళ్ళే దూరం, కాబట్టి చాలుతోంది.

రాబడి ఎలా వస్తుందో చెప్తే మీకు ఎక్కువ ఉపయోగం. విడుదలైన వారంలో ఒక గుట్ట, తరవాత నేలమట్టం. సంక్రాంతి, వేసవి సెలవులు, స్టీమ్ పెద్ద తగ్గింపుల రోజుల్లో మళ్ళీ చిన్న గుట్టలు. ఒక ఆటతో ఆ నేలమట్టం నెలలు గడవవు. ఆరు ఆటలుంటే ఏదో ఒకటి బియ్యం తెస్తుంది. పోయినేడాది మా రాబడిలో సగానికి పైగా మూడేళ్ళు దాటిన ఆటలదే. కొత్త ఆట కొన్నవాళ్ళు పాతవి చూస్తారు, నచ్చితే అక్కచెల్లెళ్ళకు చెప్తారు.

చాలామంది స్టార్‌డ్యూ వ్యాలీ అనే ఆట పేరు చెప్పి వస్తారు. దాన్ని ఒక మనిషి ఒక్కడే కూర్చుని నాలుగేళ్ళకు పైగా చేశాడు, 2016లో విడుదలైంది, కోట్లు వచ్చాయి, నిజమే. నాకు ఎక్కువ నచ్చేది జెఫ్ వోగెల్. ఆయన 1994లో సియాటిల్‌లో స్పైడర్‌వెబ్ సాఫ్ట్‌వేర్ పెట్టి, భార్యతో కలిసి అప్పట్నుంచీ బొమ్మల్లో ఆర్భాటం లేని ఆటలు చేస్తూనే ఉన్నాడు. 1995 నాటి తన ఆటనే తరవాత రెండుసార్లు కొత్తగా చేసి అమ్మాడు. మా మొదటి ఆటను గోడోలో మళ్ళీ చెయ్యడానికి నాకు ధైర్యమిచ్చింది అదే.

ఉద్యోగం ఎప్పుడు మానెయ్యాలి?

ఒక ఆట పూర్తిచేసి, ముక్కూమొహం తెలియనివాళ్ళకు అమ్మాక. దానికి ముందు వద్దు. నేను సాయంత్రాలు, ఆదివారాలు కూర్చుని మొదటిది పూర్తిచేశాను. పదహారు నెలలు పట్టింది. ఏడాదిన్నర ఇంటిఖర్చు బ్యాంకులో చూసుకుని, కారు అప్పు తీర్చేసి, అప్పుడు రాజీనామా ఇచ్చాను. ఏడాదిన్నర అనుకున్నది ఏడాదిలో కరిగింది. ఆ మధ్యలో ఆవిడ ట్యూషన్లు చెప్పింది, నేను ఒక కళాశాలకు హాజరు పట్టిక ప్రోగ్రామ్ రాసిచ్చాను.

నాకు వచ్చే మెయిళ్ళలో కంపెనీ పేరు, లోగో, ట్రేడ్‌మార్క్, ముగ్గురు భాగస్వాములు ఉండి ఆట లేనివి చాలా ఉంటాయి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. లోగో మూడో ఏట చేయించుకోవచ్చు.

కంపెనీ పెట్టాలా? జీఎస్‌టీ సంగతి?

మాది సొంత పేరుమీది వ్యాపారమే, ప్రైవేట్ లిమిటెడ్ కాదు. చిన్న వ్యాపారాలకు సర్కారు ఇచ్చే ఉద్యమ్ నమోదు ఉచితం. డబ్బులడిగే వెబ్‌సైట్లు సర్కారువి కావు, జాగ్రత్త. కరెంటు ఖాతా మొదటి రోజే తెరవండి. ఇంటిఖర్చు, వ్యాపారం ఒకే ఖాతాలో కలిస్తే మార్చిలో ఏడుపే. సేవల వ్యాపారానికి ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్‌టీ నమోదు తప్పదు. విదేశాలకు అమ్మేది ఎగుమతి, దానిమీద పన్ను సున్నా. కానీ ఏటా ఎల్‌యూటీ అనే హామీపత్రం దాఖలు చెయ్యాలి. ఏప్రిల్‌లో అది మర్చిపోయే ఆడిటరు మీకు వద్దు. విదేశీ డబ్బు వచ్చిన ప్రతిసారీ బ్యాంకు ఇచ్చే ధ్రువపత్రం అడిగి తీసుకుని దాచండి. అడగకపోతే వాళ్ళు ఇవ్వరు.

ఫోన్‌లో ఎందుకు పెట్టరు? అందరి చేతిలో ఫోనే కదా?

పెట్టి తీసేశాం. గూగుల్ ప్లేలో ఒకసారి 25 డాలర్లు కడితే చాలు, చిన్నవాళ్ళ దగ్గర వాటా 15 శాతమే, స్టీమ్‌కన్నా నయం. కానీ అక్కడ డబ్బిచ్చి ఆట కొనే అలవాటు లేదు. ఉచితంగా ఇచ్చి ప్రకటనలు పెట్టాలి, లేదా ఆట మధ్యలో వజ్రాలు అమ్మాలి. మొదటిది పెడితే పులిమేక మధ్యలో అప్పుల యాప్ ప్రకటన వస్తుంది. రెండోదానికి ఆటను కావాలని కష్టంగా చెయ్యాలి. ఇంకోటి, ఫోన్ ఒకరి చేతిలో ఉంటుంది. నలుగురు చుట్టూ చేరాలంటే పెద్ద తెర కావాలి. మా ఆటలు చాలా ఇళ్ళలో టీవీకి తగిలించిన లాప్‌టాప్‌లో నడుస్తాయి.

పిల్లల వివరాలు ఏమైనా సేకరిస్తారా?

ఏమీ లేదు. ఖాతా లేదు, పేరు అడగం, ఎవరు ఎంతసేపు ఆడారో మాకు చేరదు. ఇది మంచితనం కొంత, భయం కొంత. అమెరికా చట్టం 13 ఏళ్ళలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల ఒప్పుదల అడుగుతుంది. మన 2023 నాటి డేటా రక్షణ చట్టం లెక్కలో 18 లోపు అందరూ పిల్లలే. వాళ్ళను వెంబడించి ప్రకటనలు చూపడం కూడదు, తప్పితే జరిమానా 200 కోట్ల దాకా. ఇద్దరు మనుషుల దుకాణానికి ఒప్పుదల పత్రాలు దాచే ఓపిక ఎక్కడిది? దాచేది ఏమీ లేకపోతే పోయేదీ లేదు.

మన ఆటను అమ్మిపెట్టే పబ్లిషర్ కావాలా?

మాకు ఒకసారి కావాలనిపించింది. ఒక విదేశీ ఆటల సైటుకు రెండో ఆట మూడేళ్ళకు రాసిచ్చాం. ముందుగా కొంత ఇచ్చారు. తరవాత తగ్గింపు ధరలో ఆరు ఆటలు కలిపి అమ్మి, మా వాటాగా ఒక త్రైమాసికానికి పన్నెండు డాలర్లు పంపారు. ఒప్పందంలో అంతా ఉంది, తప్పు చదవని మాదే. సంతకం చేసేముందు మూడు చూడండి: కట్టగా కలిపి అమ్మితే మీ వాటా ఎలా లెక్కేస్తారు, ఏ ఖర్చులు ముందుగా మినహాయించుకుంటారు, హక్కులు ఎప్పుడు తిరిగొస్తాయి.

బొమ్మలకు ఏఐ వాడతారా?

లేదు. ఆటలో ఏఐతో చేసినవి ఉంటే అమ్మకం పేజీలో చెప్పాలని స్టీమ్ 2024 నుంచి అడుగుతోంది. మేం ఆ గడి ఖాళీగా వదిలేస్తాం. మా ఆవిడ గీసిన పులికి ఒక మీసం పొడుగు, ఒకటి పొట్టి. పిల్లలు దాన్నే గుర్తుపట్టి ఉత్తరాలు రాస్తారు.

మీ ఆటల దొంగకాపీలు దొరుకుతున్నాయి, తెలుసా?

తెలుసు. వాటి వెంటపడే టైములో ఇంకో గవ్వ బొమ్మ గీసుకోవచ్చు.

ఒకే గదిలో పగలంతా భార్యాభర్తలు. గొడవలు రావా?

వస్తాయి. మొదటి ఏడాది రాత్రి భోజనం దగ్గర కూడా బటన్ల రంగు గురించే. పిల్లలు కంచాలు పట్టుకుని హాల్లోకి వెళ్ళిపోయేవాళ్ళు. ఇప్పుడు కొన్ని కట్టుబాట్లున్నాయి. కింద అంతస్తులో ఆట మాట ఎత్తకూడదు. బొమ్మ విషయంలో ఆఖరి మాట ఆవిడది, కోడ్‌లో నాది. విడుదల తేదీ ఇద్దరూ ఒప్పుకుంటేనే. డబ్బు విషయంలో ఆఖరి మాట ఎవరిదో రాసుకోలేదు, కానీ మా ఇద్దరికీ తెలుసు.

మనవలు డల్లాస్‌లో, మేం భీమవరంలో. కలిసి ఆడుకోవచ్చా?

ఆడుకోవచ్చండీ. స్టీమ్‌లో 'రిమోట్ ప్లే టుగెదర్' అని ఉంది. ఒకరు ఆట కొంటే చాలు, రెండోవాళ్ళు దూరం నుంచి అదే తెరమీద ఆడొచ్చు. అబ్బాయిని కొనమనండి, వాళ్ళ ఇంటర్నెట్ బాగుంటుంది. పక్కన ఫోన్‌లో వీడియోకాల్ పెట్టుకుంటే గవ్వలు పడ్డప్పుడు మనవడి ముఖం కూడా కనిపిస్తుంది. మీకు ఉదయం ఏడు గంటలప్పుడు వాళ్ళకు ముందురోజు రాత్రి భోజనాల వేళ. మా ఆటల్లో గడియారం లేదన్నాను కదా, మధ్యలో కాఫీ పెట్టుకుని రావచ్చు.

మీ దగ్గర ఇంటర్న్‌షిప్ ఇస్తారా?

గదిలో రెండే కుర్చీలు పడతాయి. మీరు చేసిన ఆట ఏదైనా పూర్తయింది ఉంటే పంపండి, ఎంత చిన్నదైనా సరే. మా అమ్మ చేత ఆడించి, ఆవిడ ఎక్కడ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిందో రాసి పంపిస్తాను.